పడవ వెనుక అల: వేక్ సర్ఫింగ్‌లో గాయాలు, భద్రత - మీర్ ఆలం చెరువు నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

మోటారు పడవ వెనుక లేచే అలపై పలక మీద నిలబడి సాగే క్రీడ వేక్ సర్ఫింగ్. వేగం తక్కువ కావడం వల్ల దీనికి సురక్షితమైన ఆటగా పేరు వచ్చింది. ఆ పేరు ఎంతవరకు నిజం, గాయాలు ఎక్కడ, ఎందుకు కలుగుతాయి, ఆడేవారికే కాక ఒడ్డున ఉన్నవారికీ చిన్న పడవల్లోని వారికీ ఎటువంటి ముప్పు ఉంది అన్న విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది. హైదరాబాద్ పాతబస్తీని ఆనుకొని ఉన్న మీర్ ఆలం చెరువు వంటి నగర జలాశయానికి ఈ తరహా మోటారు పడవల క్రీడలు వస్తే ముందుగా తేల్చుకోవలసిన అంశాలను తెలుగునాట జరిగిన పడవ ప్రమాదాల వెలుగులో చర్చిస్తుంది.

కీలకపదాలు: జలక్రీడలు, వేక్ సర్ఫింగ్, గాయాలు, కార్బన్ మోనాక్సైడ్, లైఫ్ జాకెట్, మీర్ ఆలం చెరువు, పాతబస్తీ.

1. ప్రవేశిక

పాతబస్తీ జ్ఞాపకంలో నీరు ఆటగా కన్నా ఆపదగానే ఎక్కువగా నిలిచింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి తోటలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారన్నది నగరంలో ఇప్పటికీ చెప్పుకొనే విషయం. ఆ చెట్టు నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ఆ వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య చేసిన సూచనల ఫలితంగానే ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో రూపుదిద్దుకొన్నాయి. అంతకు శతాబ్దం ముందే, 1804–1806 మధ్య, నిజాం దివాను మీర్ ఆలం పేరిట ఒక చెరువు కట్టారు. దాని ఆనకట్ట వరుసగా నిలిపిన 21 అర్ధవృత్తాకార కమానులతో నిర్మితమైంది. ప్రపంచంలో తొలితరం బహుళ కమాను ఆనకట్టల్లో ఒకటిగా ఇంజనీరింగ్ చరిత్రకారులు దాన్ని గుర్తిస్తారు. నగరానికి చాలాకాలం తాగునీరు ఇచ్చిన ఈ చెరువు పక్కనే 1963లో నెహ్రూ జంతు ప్రదర్శనశాల ప్రారంభమైంది. తాడ్‌బన్, బహదూర్‌పురా, హసన్‌నగర్ ప్రాంతాల కుటుంబాలకు సెలవునాడు కాస్త గాలి పీల్చుకొనే చోటు అది.

వేక్ సర్ఫింగ్ ఇంకా ఈ నీటిమీదికి రాలేదు. అయితే హుస్సేన్ సాగర్‌లో లుంబినీ పార్కు నుంచి స్పీడు బోట్లు తిరుగుతూ చాలాకాలమైంది. వికారాబాద్ సమీపంలోని కోటిపల్లి జలాశయంలో కయాకింగ్, విశాఖ ఋషికొండ తీరంలో సముద్రపు సర్ఫింగ్ యువతకు పరిచయమయ్యాయి. మీర్ ఆలం చెరువు మీదుగా తీగల వంతెన, దాని చుట్టూ పర్యాటక వసతులు అన్న ఆలోచనలు ప్రభుత్వ స్థాయిలో సాగుతున్నాయి. చెరువు పర్యాటక స్థలమైతే మోటారు పడవ వస్తుంది, పడవ వస్తే దాని వెనుక అల వస్తుంది. ఆ అల ఏం చేయగలదో పడవ రాకముందే తెలుసుకోవడం మేలు. ప్రమాదం జరిగిన తరువాత విచారణ సంఘం నివేదికలో చదివి తెలుసుకోవడం తెలుగువారికి కొత్త కాదు కాబట్టి ఈ మాట చెప్పవలసి వస్తున్నది.

2. ఆట స్వరూపం

పడవ ముందుకు కదిలినప్పుడు దాని అడుగుభాగం నీటిని పక్కలకు తోస్తుంది. ఖాళీ అయిన చోటికి నీరు తిరిగి దూకుతుంది. ఈ తోపుడు, దూకుడు కలిసి పడవ వెనుక రెండు రెక్కలుగా విచ్చుకొనే అలను పుట్టిస్తాయి. దీన్నే ఆంగ్లంలో వేక్ అంటారు. మామూలు పడవ నిర్మాతలకు ఈ అల అనవసరమైన ఖర్చు. ఇంజను శక్తిలో కొంత దానికే వృథా అవుతుంది. వేక్ సర్ఫింగ్ పడవలో మాత్రం ఆ వృథాయే సరుకు. పడవ అడుగున తొట్లలో వందల కిలోల నుంచి టన్నుకు మించిన నీటిని నింపి వెనుకభాగాన్ని కావాలని కిందికి దించుతారు. పడవ పూర్తిగా తేలి జారే వేగానికి చేరకుండా గంటకు 16 నుంచి 19 కిలోమీటర్ల వద్ద నిలుపుతారు. అంటే సగం మునిగి, సగం లేచి, నీటిని దున్నుకొంటూ పోయే స్థితి. అప్పుడే అల ఎత్తుగా, నిండుగా లేస్తుంది.

ఆటగాడు మొదట తాడు పట్టుకొని నీటిలోంచి లేస్తాడు. అల తనను మోయడం మొదలుపెట్టగానే తాడు వదిలేస్తాడు. ఆపైన అతన్ని లాగేది ఏదీ ఉండదు. అల వాలు మీద కిందికి జారుతూ, అల ముందుకు సాగుతున్న కొద్దీ అక్కడే నిలిచి ఉంటాడు. పాదాలకు పలక కట్టి ఉండదు. వేక్ బోర్డింగ్‌కూ దీనికీ ముఖ్యమైన తేడా ఇక్కడే ఉంది. వేక్ బోర్డింగ్‌లో పాదాలు పలకకు బిగించి ఉంటాయి, తాడు చివరిదాకా చేతిలో ఉంటుంది, వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటుతుంది.

వేగం తక్కువైతే ముప్పు తక్కువన్న వాదనకు భౌతికశాస్త్రం కొంత మద్దతు ఇస్తుంది. గంటకు 18 కిలోమీటర్లు అంటే సెకనుకు 5 మీటర్లు. సుమారు 1.3 మీటర్ల ఎత్తు నుంచి దూకినవాడు నేలను తాకేటప్పటి వేగం ఇంతే. గంటకు 36 కిలోమీటర్లయితే అది 5 మీటర్ల ఎత్తు నుంచి, అంటే ఒకటిన్నర అంతస్తు మీదనుంచి దూకినదానికి సమానం. వేగం రెట్టింపైతే దెబ్బలోని శక్తి నాలుగు రెట్లవుతుంది. ఈ లెక్కన వేక్ సర్ఫింగ్ మెత్తని ఆటే. కాని ఈ లెక్కలో దూరం లేదు. వేక్ బోర్డర్ పడవకు 20 మీటర్లకు పైగా వెనుక ఉంటాడు. వేక్ సర్ఫర్ 3 నుంచి 6 మీటర్ల దూరంలోనే ఉంటాడు. పడవ హఠాత్తుగా ఆగితే 4 మీటర్ల దూరంలో ఉన్న ఆటగాడు సెకను లోపలే దాని వెనుక అంచును చేరతాడు. వేగం తగ్గించి సంపాదించిన భద్రతను ఈ సామీప్యం చాలావరకు తినేస్తుంది.

3. గాయాల తీరు

సర్ఫర్ పడ్డప్పుడు పలక ఒకవైపు, మనిషి ఒకవైపు పోతారు. పాదాలకు పలక కట్టి లేకపోవడం మోకాళ్లకు రక్ష. వేక్ బోర్డింగ్‌లో పలక నీటిలో దిగబడినా కాలు దానితోనే బిగిసి ఉంటుంది, శరీరం మాత్రం ముందుకు తిరుగుతుంది. ఆ మెలిపెట్టుడుకు మోకాలిలోని ముందు క్రూసియేట్ లిగమెంటు తెగుతుంది. ఆ ఆటలో వైద్యులు ఎక్కువగా చూసే తీవ్ర గాయాల్లో అదొకటి. వేక్ సర్ఫింగ్‌లో ఈ తరహా తెగుళ్లు తక్కువ. కాని విడిపోయిన పలక తేలి పైకి ఎగురుతుంది, అల దాన్ని తిరిగి మనిషి మీదికే తోస్తుంది. దాని కింద ఉండే రెక్కలు గట్టివి, అంచు పలుచనివి. ముఖం మీద, తల మీద, పిక్కల మీద కోతలు, పళ్లు విరగడం, ముక్కు ఎముక చిట్లడం ఇలా జరుగుతాయి. నీటిలోంచి పైకి వచ్చేటప్పుడు ఒక చేయి తల మీదుగా అడ్డుపెట్టుకొని రావాలని నేర్పించడం అందుకే. చూడటానికి అతి చిన్న జాగ్రత్త ఇది. నేర్పించనివారే ఎక్కువ.

పలక మీదే కాలు తప్పి పడితే చీలమండ మడత పడుతుంది. పలక అంచు మీద పక్కటెముకలు తగులుతాయి. చెవి వైపుగా నీటిని తాకితే లోపల ఇరుక్కొన్న గాలి కర్ణభేరిని చీల్చవచ్చు. దీనివల్ల వినికిడి తగ్గడం ఒక ఎత్తు, నీటిలోనే తల తిరిగి పైకి ఏది, కిందికి ఏది తెలియకపోవడం మరొక ఎత్తు. ఈత వచ్చినవాడు కూడా మునిగే సందర్భాల్లో ఇదొకటి.

తాడు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. లేచేటప్పుడు తాడును మణికట్టుకు చుట్టుకోవడం కొత్తవారి సహజ లక్షణం. గాలిపటం దారాన్ని వేలికి చుట్టుకొనే అలవాటు ఉన్న నగరంలో ఇది మరింత సహజం. పడవ కదిలిన క్షణంలో ఆ చుట్టు బిగుస్తుంది. వేలు, ముంజేయి, భుజం కీలు పణంగా పెట్టినట్టే. తాడు వదిలిన తరువాత దాన్ని పడవలోకి లాగేసే బాధ్యత ఒకరికి అప్పగించకపోతే అది నీటిలో తేలుతూ ఆటగాడి మెడకో, ప్రొపెల్లర్‌కో చుట్టుకుంటుంది.

ప్రొపెల్లర్ విషయంలో రాజీకి చోటు లేదు. నిమిషానికి 2,000 సార్లు తిరిగే మూడు రెక్కల ప్రొపెల్లర్ ఒకే చోటును సెకనుకు వంద సార్లు కోస్తుంది. తప్పించుకోవడమన్న మాటకు అక్కడ అర్థం లేదు. వేక్ సర్ఫింగ్ కోసం తయారయ్యే పడవల్లో ఇంజను లోపల ఉండి, ప్రొపెల్లర్ పడవ అడుగున, చుక్కానికి ముందు అమరి ఉంటుంది. వెనుక అంచుకు తగిలించిన ఔట్‌బోర్డ్ మోటారుతో, లేదా వెనుకకు తెరుచుకొన్న స్టెర్న్ డ్రైవ్‌తో ఈ ఆట ఆడించకూడదన్నది ఈ రంగంలో అందరూ అంగీకరించిన మొదటి నియమం. మన జలాశయాల్లో తిరిగే చిన్న స్పీడు బోట్లలో ఔట్‌బోర్డ్ మోటార్లే ఎక్కువ. ఉన్న పడవతోనే కొత్త ఆట మొదలుపెడదామన్న ఆలోచన ఎక్కడ పుట్టినా అక్కడ ఈ నియమం గాలికి పోతుంది. ఇక్కడ అన్నిటికన్నా భయపడవలసింది ఆ పొదుపుకే.

ఇంజను ఆపు తాడు కూడా ఈ కోవలోనిదే. నడిపే వ్యక్తి శరీరానికి తగిలించిన ఆ తాడు అతను పడిపోతే లాగబడి ఇంజన్ను ఆపేస్తుంది. అమెరికాలో 26 అడుగుల లోపు మోటారు పడవల్లో దీని వాడకాన్ని 2021 ఏప్రిల్ నుంచి చట్టబద్ధం చేశారు. ధర తక్కువ, అమరిక సులువు. దాన్ని తగిలించుకోవడం నామోషీగా భావించే పడవ నడిపేవారే అసలు సమస్య.

4. కంటికి కనిపించని పొగ

గాయాల పట్టికల్లో అంతగా కనిపించకపోయినా ఈ ఆటలో ప్రాణం తీసేవాటిలో కార్బన్ మోనాక్సైడ్‌ది ముందువరుస. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌తో ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా బలంగా కలుస్తుంది. నెమ్మదిగా సాగే పడవ వెనుక గాలి సుడి తిరిగి పీడనం తగ్గుతుంది. పొగగొట్టం నుంచి వచ్చిన వాయువు వెనక్కి కొట్టుకుపోకుండా ఆ సుడిలోనే నిలుస్తుంది. సర్ఫర్ నిలబడేది సరిగ్గా అక్కడే. వెనుక అంచు మీద కూర్చొని కాళ్లు నీటిలో ఆడిస్తూ తమ వంతు కోసం ఎదురుచూసే పిల్లలు కూర్చొనేదీ అక్కడే.

2000లో అమెరికాలోని లేక్ పావెల్ జలాశయంలో జరిగిన మరణాలపై విచారణ జరిపినప్పుడు ఈ విషం తీవ్రత వెలుగులోకి వచ్చింది. అంతవరకు మునిగిపోవడంగా నమోదైన మరణాల్లో కొన్నింటికి అసలు కారణం ఈ వాయువేనని తేలింది. ముందు స్పృహ తప్పుతుంది, ఆ తరువాతే మనిషి నీటిలో జారుతాడు. పైనుంచి చూసేవారికి అది ఈత రాక మునిగినట్టే కనిపిస్తుంది. కదిలే పడవ వెనుక అంచును పట్టుకొని ఈడ్పించుకొనే ఆటను కాలిఫోర్నియా రాష్ట్రం 2004 నాటి చట్టంతో నిషేధించింది. ఆ తరువాత అక్కడ తయారయ్యే కొత్త ఇన్‌బోర్డ్ ఇంజన్లకు కాలుష్యాన్ని తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్లు తప్పనిసరి అయ్యాయి. పాతబడి చేతులు మారి వచ్చిన ఇంజన్లకు ఆ రక్షణ ఉంటుందన్న హామీ లేదు.

తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం దీని తొలి లక్షణాలు. మే నెల ఎండలో హైదరాబాద్ చెరువు మీద ఎవరికైనా ఇవే లక్షణాలు వడదెబ్బ వల్లా వస్తాయి, పడవ ఊపు వల్లా వస్తాయి. నిమ్మరసం ఇచ్చి అదే వెనుక అంచు మీద కూర్చోబెట్టడం మంచి మనసుతో చేసే ప్రమాదకరమైన పని. ఇంజను ఆపి, మనిషిని ముందుభాగానికి, గాలివాటుకు తరలించడం మొదట చేయవలసింది.

5. ఆడనివారి మీద పడే అల

అల మోసే శక్తి దాని ఎత్తు వర్గానికి అనుపాతంలో ఉంటుంది. 20 సెంటీమీటర్ల అలతో పోలిస్తే 60 సెంటీమీటర్ల అలలో తొమ్మిది రెట్ల శక్తి ఉంటుంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన సెయింట్ ఆంథొనీ ఫాల్స్ ప్రయోగశాల 2022లో వెలువరించిన అధ్యయనం వేక్ సర్ఫింగ్ పడవల అలలు సాధారణ పడవల అలల స్థాయికి తగ్గాలంటే ఒడ్డుకు 500 అడుగులకు మించిన దూరం కావాలని చెప్పింది. వెర్మాంట్ రాష్ట్రం 2024లో అమలు చేసిన నియమాలు మరింత స్పష్టంగా ఉన్నాయి. ఒడ్డుకు కనీసం 500 అడుగుల దూరం, కనీసం 20 అడుగుల లోతు, ఈ రెండూ ఉన్న నీటిపరప్పు ఒకేచోట కనీసం 50 ఎకరాలు ఉంటేనే అక్కడ ఈ ఆటకు అనుమతి.

ఈ కొలతలను ఒక నగర చెరువుకు అన్వయించి చూడవచ్చు. రెండు ఒడ్ల నుంచి 152 మీటర్లు వదిలితే, 300 మీటర్ల వెడల్పు లోపు చెరువులో పడవకు ఒక గీత గీయడానికి కూడా చోటు మిగలదు. 60 మీటర్ల దారి కావాలంటే చెరువు ఎక్కడికక్కడ 365 మీటర్ల వెడల్పు ఉండాలి. లోతు సంగతి ఇంకా కఠినం. దక్కను పీఠభూమి చెరువులు వానకాలంలో నిండి, వేసవికి తగ్గిపోయేవి. పూడిక చేరి ఒడ్డున లోతు పలచబడినవి. అక్టోబరులో నియమానికి సరిపోయిన చెరువు ఏప్రిల్‌లో సరిపోకపోవచ్చు. కాబట్టి అనుమతి ఇస్తే నీటిమట్టాన్ని బట్టి ఇవ్వాలి, క్యాలెండరును బట్టి కాదు.

మీర్ ఆలం వంటి చెరువులో పడవ వెనుక అలను భరించవలసినవారు ఎవరు? పెడల్ బోటులో కూర్చొన్న తల్లీపిల్లలు. పుట్టి మీద వల వేసే మత్స్యకారులు. పుట్టి గుండ్రటిది, అడుగు చదునైనది, తెడ్డుతో నడిచేది. ప్రశాంతమైన నీటికి దానంత అనువైన సాధనం లేదు. పక్కనుంచి వరుసగా వచ్చే నిటారు అలలకు మాత్రం అది నిలవలేదు. వల లాగుతూ ఒక అంచుకు వంగిన మనిషి ఆ క్షణంలో తనతో పాటు పుట్టినీ పోగొట్టుకుంటాడు. సర్ఫర్‌కు లైఫ్ జాకెట్ ఉంటుంది, పడవలో కనిపెట్టి ఉండే మనిషి ఉంటాడు. పుట్టివాడికి ఆ రెండూ ఉండవు. గాయాల గణాంకాలు సేకరించేవారు సాధారణంగా ఆటగాళ్లనే లెక్కిస్తారు. ఈ మనిషి ఏ పట్టికలోకీ ఎక్కడు.

రెండు వందల ఏళ్ల నాటి రాతి, సున్నపు కట్టడం సంగతి మరొకటి. కమానుల ఆనకట్ట నీటి ఒత్తిడిని పక్క దిమ్మెలకు పంచుతుంది. స్థిరమైన ఒత్తిడికి అది కట్టినవారు ఊహించిన దానికన్నా ఎక్కువకాలమే నిలిచింది. కాని అతుకుల్లోని సున్నాన్ని పదేపదే కొట్టి పీల్చే అలలు వేరే రకం భారం. ఒక్క పడవ వల్ల ఆనకట్టకు ప్రమాదమని అనడం అతిశయోక్తి. రోజూ గంటల తరబడి ఒకే చోట తిరిగే పడవకు దూరం నిర్ణయించకపోవడం నిర్లక్ష్యం. వారసత్వ కట్టడాల విషయంలో ఈ రెండింటి మధ్య తేడా గుర్తించడం అవసరం.

పడవ అల గురించి పాతబస్తీకి నేరుగా పనికివచ్చే పాఠం ఆటలో కాక వరదలో ఉంది. 2020 అక్టోబరులో పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి అల్ జుబైల్ కాలనీ, హఫీజ్ బాబానగర్ వంటి ప్రాంతాలు నీట మునిగినప్పుడు సహాయక దళాల పడవలు వీధుల్లో తిరిగాయి. మునిగిన గల్లీలో పడవ వేగంగా పోతే దాని అల రెండు వైపులా గోడల మధ్య చిక్కుకొని ఎత్తు తగ్గకుండానే ఇళ్లలోకి చొరబడుతుంది. నానిన మట్టిగోడకు, గడపలో నడుంలోతు నీటిలో నిలబడ్డ వృద్ధులకు ఆ అల చాలు. అందుకే వరద నీటిలో అల లేపని వేగంతోనే పడవ నడపాలన్నది రక్షణ దళాల ప్రాథమిక సూత్రం. వేక్ సర్ఫింగ్ పడవ వేగం కూడా పెద్దదేమీ కాదని ఇక్కడ గుర్తుంచుకోవాలి. బరువెక్కిన పడవ మధ్యస్థ వేగంలోనే అత్యంత పెద్ద అల లేపుతుంది. జనాన్ని నిండా ఎక్కించుకొని మెల్లగానే పోతున్నామని నమ్మే సహాయక పడవకూ ఇదే వర్తిస్తుంది.

6. నీటి స్వభావం

విదేశీ భద్రతా మార్గదర్శకాలు స్వచ్ఛమైన సరస్సులను దృష్టిలో ఉంచుకొని రాసినవి. హైదరాబాద్ చెరువుల్లో మురుగు కలుస్తుంది. గుర్రపుడెక్క పరుచుకొంటుంది. గుర్రపుడెక్క ఇంజన్‌ను చల్లబరిచే నీటి రంధ్రాన్ని మూసేస్తే ఇంజను వేడెక్కి ఆగిపోతుంది. నీటిలో పడిన మనిషి దగ్గరికి వెనుదిరగవలసిన సమయంలోనే అది ఆగితే ఏం జరుగుతుందో ఊహించవచ్చు. హుస్సేన్ సాగర్ వంటి చోట్ల నిమజ్జనమైన విగ్రహాల ఇనుప చట్రాలు, కర్రలు అడుగున మిగులుతాయి. ప్రతి ఏటా తొలగిస్తారు, ప్రతి ఏటా కొన్ని మిగులుతాయి. లోతు తక్కువైన చోట పడే ఆటగాడికి అవి నీటి కింద నాటిన ఈటెలు.

పుండు ద్వారా సోకే ఎలుక జ్వరం, మింగిన నీటితో వచ్చే విరేచనాలు, చెవి, చర్మ వ్యాధులు అందరూ ఊహించగలిగినవే. ముక్కులోకి బలంగా చిమ్మే నీటితో మెదడుకు చేరే నెగ్లేరియా అనే అమీబా అరుదైనది. వెచ్చని మంచినీటిలో ఉండే ఇది సోకినవారిలో అత్యధికులు మరణిస్తారు. ఈ నీటిని తాగితే ఆ వ్యాధి రాదు, ముక్కు ద్వారానే వస్తుంది. అల మీదినుంచి ముఖం కిందుగా పడే ఆటలో ముక్కుకు క్లిప్పు పెట్టుకోవడం అతి జాగ్రత్త అనిపించుకోదు.

7. జాకెట్, సంజ్ఞ, భాష

అమెరికా తీరరక్షక దళం ఏటా వెలువరించే నివేదికల ప్రకారం పడవ ప్రమాదాల్లో మునిగి మరణించినవారిలో ఐదింట నాలుగు వంతులకు పైగా లైఫ్ జాకెట్ లేనివారే. ఈ ఒక్క వాస్తవం ముందు మిగిలిన పరికరాల చర్చ చిన్నబోతుంది. అయితే జాకెట్ ఉండటం వేరు, సరిపోవడం వేరు. పోటీ క్రీడాకారులు ధరించే పలుచని ఇంపాక్ట్ వెస్టు దెబ్బను తగ్గిస్తుందే తప్ప స్పృహ తప్పిన మనిషిని తేల్చి ఉంచదు. పెద్దవారి జాకెట్ తొడిగిన పిల్లవాడు నీటిలో కిందికి జారిపోతాడు, జాకెట్ మాత్రం పైన తేలుతుంది. భుజాల వద్ద పట్టుకొని పైకి ఎత్తినప్పుడు గడ్డం దాటి పైకి రాకూడదన్నది సులువైన పరీక్ష.

పాతబస్తీ కుటుంబాలు చెరువుకు వచ్చేటప్పుడు బురఖా, చీర, దుపట్టాతో వస్తారు. వాటి మీద జాకెట్ బిగించడం సాధ్యమే, కాని కాళ్ల మధ్యనుంచి పోయే పట్టీని వదిలేస్తారు. తడిసి బరువెక్కిన వస్త్రం కాళ్లకు చుట్టుకుంటుంది, దుపట్టా చివర తాడులోనో యంత్రంలోనో చిక్కుకోవచ్చు. దీనికి పరిష్కారం ఆ మహిళలను పడవ ఎక్కనివ్వకపోవడం కాదు. తొడుగుకొని మార్చుకొనే గది, శరీరాన్ని కప్పే ఈత దుస్తులు, జాకెట్ బిగించడానికి మహిళా సిబ్బంది ఉంటే సరిపోతుంది. ఇవి లేని కేంద్రం సగం నగరానికి భద్రత లేనిదే.

నీటిమీద మాట వినిపించదు, సంజ్ఞే మాట. వాటర్ స్కీయింగ్ కాలం నుంచి వస్తున్న సంప్రదాయంలో బొటనవేలు పైకెత్తితే వేగం పెంచమని, కిందికి చూపితే తగ్గించమని, మెడ మీద అడ్డంగా చేయి ఊపితే ఇంజను ఆపమని అర్థం. పడిపోయిన ఆటగాడు తల మీద చేతులు సున్నాలా కలిపితే క్షేమమని. హైదరాబాదీకి బొటనవేలు పైకెత్తడమంటే బాగుందని చెప్పడం. భయంతో బిగిసిపోయిన కొత్త ఆటగాడు ఫర్వాలేదనుకొని బొటనవేలు ఎత్తితే నడిపేవాడు వేగం పెంచుతాడు. ఆంగ్లంలో అచ్చువేసిన నియమాల పలక మీద సంతకం పెట్టించుకోవడం కన్నా, తెలుగులోనూ దక్కనీ ఉర్దూలోనూ రెండు నిమిషాలు నిలబడి ఈ నాలుగు సంజ్ఞలు చేయించడం ఎక్కువ ప్రాణాలు కాపాడుతుంది.

నడిపేవాడు ముందుకే చూడాలి. ఆటగాడిని చూడటానికి మరొకరు ఉండాలి. సెకనుకు 5 మీటర్లు పోయే పడవ పది సెకన్లు వెనక్కి చూడకపోతే పడిన మనిషి 50 మీటర్ల వెనుక ఉంటాడు. అలల మధ్య ఒక తల అంత దూరంలో కనిపించదు.

8. తెలుగునాటి అనుభవం

2017 నవంబరు 12న, కార్తీక మాసపు ఆదివారం, ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం వద్ద కృష్ణా నదిలో పడవ బోల్తాపడి 20 మందికి పైగా మరణించారు. అనుమతి లేని పడవ, జాకెట్లు లేని ప్రయాణికులు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల యాత్రకు బయలుదేరిన పడవ కచ్చులూరు వద్ద వరద గోదావరిలో మునిగింది. అందులో ఉన్న సుమారు 77 మందిలో 26 మంది మాత్రమే బయటపడ్డారు. నెల దాటిన తరువాత, అక్టోబరు 22న, ధర్మాడి సత్యం బృందం ఆ పడవను పైకి తీయగలిగింది. 2024 జనవరి 18న గుజరాత్‌లోని వడోదర నగరంలో హర్నీ చెరువులో విహారయాత్రకు వచ్చిన 12 మంది విద్యార్థులు, ఇద్దరు ఉపాధ్యాయులు మరణించారు. పరిమితికి మించిన జనం అక్కడి కారణాల్లో ఒకటి. మొదటి రెండూ నదులు. మూడవది నగరం నడుమ ఉన్న చెరువు, మీర్ ఆలంకు దగ్గరి పోలిక అదే. ప్రవాహం లేని, ఒడ్డు కనిపించే నీరు సురక్షితమన్న నమ్మకాన్ని హర్నీ తుడిచేసింది.

ఈ మూడింటిలో ఏదీ వేక్ సర్ఫింగ్ ప్రమాదం కాదు. కాని వాటి వెనుక ఉన్న లోపాలు కొత్త ఆటకు యథాతథంగా బదిలీ అవుతాయి. బరువును ఉదాహరణకు తీసుకోవచ్చు. విహార పడవలో అదనపు బరువు తప్పు. వేక్ సర్ఫింగ్ పడవలో అదే కౌశలం. తొట్ల నిండా నీరు, పైగా పదిమంది జనం, అందరూ ఫోటో కోసం వెనుక అంచుకు చేరితే అంచు నీటిమట్టానికి దిగుతుంది. అప్పుడు తన వెనుక లేచిన అలే పడవ ఆగిన వెంటనే లోపలికి దూకుతుంది. నిర్మాత నిర్ణయించిన మొత్తం బరువులో తొట్ల నీటిని కూడా కలిపి లెక్కించాలి. సీట్ల సంఖ్యను బట్టి టికెట్లు అమ్మే పద్ధతికి ఈ లెక్క పట్టదు.

యంత్రంతో నడిచే పడవల నమోదు, తనిఖీ, సిబ్బంది అర్హత, బీమా ఇప్పుడు 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం పరిధిలోకి వస్తాయి. 1917 నాటి పాత చట్టం స్థానంలో ఇది వచ్చింది. పడవ నడిపేవారికి, ప్రాణరక్షకులకు శిక్షణ ఇచ్చే జాతీయ జలక్రీడల సంస్థ గోవాలో ఉంది. చట్టం పడవ యోగ్యతను చూస్తుంది. ఒక ఫలానా చెరువులో, ఫలానా లోతులో, ఫలానా పుట్టి పక్కన ఏ అల తగునో స్థానికంగానే నిర్ణయించుకోవాలి. ఆ నిర్ణయంలో మత్స్యకార సంఘానికి చోటు ఉండటం మర్యాద కోసం కాదు, చెరువు అడుగు ఎక్కడ ఎత్తుగా ఉందో వారికే తెలుసు కాబట్టి.

చివరగా, ఒడ్డు. నీటిలోంచి తీసిన మనిషికి ఊపిరి ఆడకపోతే ముందు నోటి ద్వారా శ్వాస ఇచ్చి ఆపైన ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. గుండెపోటుకు నేర్పే వరుసకు ఇది భిన్నం, ఎందుకంటే ఇక్కడ కొరత ఆక్సిజన్‌ది. మెడ దెబ్బ అనుమానం ఉంటే తల, మెడ, వీపు ఒకే గీతలో ఉంచి పైకి తేవాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే మొదలైన 108 సేవ ఫోను అందుకోగానే బయలుదేరుతుంది, కాని సాయంత్రం పూట బహదూర్‌పురా, పురానాపూల్ దాటి ఉస్మానియా ఆసుపత్రికి చేరే దారి ఎంత ఇరుకో ఆ ప్రాంతం వారికి తెలుసు. ఆక్సిజన్ సిలిండరు, గట్టి పలక స్ట్రెచరు, వాటిని వాడటం వచ్చిన ఒక మనిషి పడవల రేవులోనే ఉండాలి. అంబులెన్సు నీటి అంచుదాకా రావడానికి బండ్లు నిలపని ఒక దారి రేవు కట్టే రోజునే గీసి ఉంచాలి.